చిన్న ఊరు, రకరకాల మనుషులు: అక్కడ స్థిరపడొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక చిన్న ఊరు. నాలుగైదు భాషలు మాట్లాడేవాళ్లు, రెండు మూడు మతాలవాళ్లు, తరాలుగా అక్కడే ఉన్నవాళ్లు, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు. అలాంటి చోటికి ఇల్లు మార్చాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇవి. నా మటుకు నేను గట్టిగా నమ్మేది ఒకటి ఉంది, జవాబులన్నిట్లోనూ అది కనిపిస్తుంది: ఊళ్లో ఎన్ని రకాల మనుషులున్నారో లెక్కపెట్టే ముందు, వాళ్లు కలిసి చేసే పనులేమిటో చూడాలి.

చిన్న ఊరంటే ఎంత జనాభా ఉన్న ఊరు?

ప్రపంచమంతా ఒప్పుకున్న గీత ఏదీ లేదు. డెన్మార్క్, ఐస్‌లాండ్ 200 మంది ఉన్న చోటుని కూడా పట్టణం కిందే లెక్కేస్తాయి. జపాన్‌లో నగరం అనిపించుకోవాలంటే 50,000 ఉండాలి. భారత జనగణన 5,000 జనాభాతో పాటు చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండాలనీ, పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలనీ అంటుంది. 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన పద్ధతిలో 50,000 దాటి, జనం దట్టంగా ఉంటే నగరం, 5,000 దాటితే పట్టణం.

ఇల్లు మారేవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే కొలత ఇంకొకటుంది. ఆ ఊళ్లో ఒకే ఒక్కటిగా ఉన్నవి ఎన్ని? ఒకే ఆస్పత్రి, ఒకే హైస్కూలు, ఒకే పోలీస్ స్టేషన్, ఒకే లైబ్రరీ. నగరంలో ఒక చోట మర్యాద దక్కకపోతే ఇంకో చోటికి పోతాం. చిన్న ఊళ్లో అదే కౌంటరు, దాని వెనక అదే మనిషి, ఏళ్ల తరబడి. ఆ మనిషి మంచివాడైతే మీ బతుకు సుఖం, కాకపోతే తప్పించుకునే దారి లేదు.

ఊళ్లో నిజంగా వైవిధ్యం ఉందో లేదో అంకెల్లో తెలుసుకోవచ్చా?

కొంతవరకు. 1949లో ఎడ్వర్డ్ సింప్సన్ అనే గణాంకవేత్త ఒక తేలికైన కొలత చెప్పారు. ఇప్పటికీ జీవశాస్త్రంలో, సామాజిక శాస్త్రాల్లో దాన్ని వాడుతున్నారు. ఊళ్లోంచి ఇద్దర్ని చీటీ తీసి ఎంచుకుంటే, ఆ ఇద్దరూ వేర్వేరు వర్గాలవాళ్లయ్యే అవకాశం ఎంత అన్నదే ఆ కొలత. మూడు వర్గాలు 70, 20, 10 శాతం ఉన్నాయనుకోండి. ఒక్కో భాగాన్ని దానితోనే గుణించి, కూడి, ఒకటిలోంచి తీసెయ్యాలి: 0.49, 0.04, 0.01 కలిపితే 0.54, మిగిలింది 0.46. నాలుగు వర్గాలు సమానంగా ఉంటే 0.75 వస్తుంది. ఒకే వర్గం 95 శాతం ఉన్న ఊరికి 0.1 కూడా రాదు. జనగణన పట్టిక దగ్గరుంటే పది నిమిషాల పని.

కానీ ఈ అంకె చూసి సంబరపడిపోకండి. ఊరంతా కలిపి 0.75 ఉండి, నాలుగు వర్గాలూ నాలుగు పేటల్లో విడివిడిగా ఉండొచ్చు. తూర్పు పేటవాళ్లు పడమటి పేటలో అడుగు పెట్టి ఏళ్లయి ఉండొచ్చు. అందుకని వార్డులవారీ లెక్కలు దొరికితే అవే చూడాలి.

ఇలా విడిపోవడానికి పెద్ద ద్వేషమేమీ అక్కర్లేదని 1971లో థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త చూపించారు. తర్వాత 2005లో ఆయనకి నోబెల్ వచ్చింది. గళ్ల బల్ల మీద రెండు రకాల నాణేలు పెట్టి, చుట్టూ ఉన్నవాటిలో కనీసం మూడో వంతు తనలాంటివి లేకపోతే ఆ నాణెం వేరే గడికి జరగాలి అని నియమం పెట్టుకున్నారు. చూడబోతే ఎంతో ఉదారమైన నియమం. ఇరుగుపొరుగులో మూడింట రెండు వంతులు వేరేవాళ్లయినా ఫర్వాలేదన్నట్టే కదా. అయినా కొన్ని ఎత్తులు గడిచేసరికి బల్ల మీద రెండు రకాలూ చాలావరకు విడివిడి గుంపులైపోయాయి. సింగపూర్ ప్రభుత్వం 1989 నుంచి ప్రభుత్వ గృహ సముదాయాల్లో ప్రతి బ్లాకుకీ జాతులవారీ పరిమితి పెట్టింది. అది మంచిదా కాదా అన్న వాదన వేరే. కలిసి ఉండటం దానంతటదే నిలబడదని మాత్రం ఆ ప్రభుత్వం గ్రహించింది.

ఇంకో జాగ్రత్త. రెండు జనగణనల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక వర్గం ఊరు ఖాళీ చేస్తూ, ఇంకో వర్గం వచ్చి చేరుతున్న ఊరు కూడా మధ్యలో ఎంతో వైవిధ్యంగా కనిపిస్తుంది. పదేళ్ల తర్వాత అక్కడ మళ్లీ ఒకే రకం మనుషులుండొచ్చు.

రకరకాల మనుషులున్న చోట ఒకరి మీద ఒకరికి నమ్మకం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయంటారు. నిజమేనా?

అందులో నిజం కొంత ఉంది, కానీ చెప్పేవాళ్లు చెప్పినంత లేదు. రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నం 2000లో అమెరికాలోని 41 ప్రాంతాల్లో దాదాపు 30,000 మందితో జరిగిన సర్వేని విశ్లేషించి 2007లో వ్యాసం ప్రచురించారు. వైవిధ్యం ఎక్కువున్న చోట జనం వేరే వర్గాలవాళ్లనే కాదు, సొంత వర్గంవాళ్లని కూడా తక్కువ నమ్ముతున్నారనీ, ఎవరింట్లో వాళ్లు ముడుచుకుపోతున్నారనీ ఆయనకి కనిపించింది. ఈ మాట ప్రపంచమంతా పాకింది. ఇది కొంతకాలం ఉండే స్థితేననీ, కాలం గడిచేకొద్దీ కొత్త బంధాలు పుడతాయనీ అదే వ్యాసంలో ఆయన రాసిన మాటని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2015లో మరియా అబాస్కల్, డెలియా బాల్దసారి అనే ఇద్దరు పరిశోధకులు అదే సర్వేని తిరగదోడారు. నమ్మకం తగ్గడానికి వైవిధ్యం కన్నా పేదరికం, నిలకడ లేని బతుకు లాంటివే ఎక్కువ కారణమని వాళ్లు తేల్చారు. 2020లో ఇంకో బృందం 87 అధ్యయనాలని ఒకచోట చేర్చి చూసింది. వైవిధ్యం పెరిగితే నమ్మకం సగటున కొద్దిగా తగ్గుతుందనీ, ఆ తగ్గుదల చిన్నదేననీ వచ్చింది.

దీన్నిబట్టి ఊరు ఎంచుకునేవాళ్లు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఊళ్లో జనం ఎంతకాలం ఒకే ఇంట్లో ఉంటున్నారో కనుక్కోండి. అద్దెకుండేవాళ్లు ఆరేసి నెలలకి మారిపోతున్న వీధిలో అందరూ ఒకే మతంవాళ్లయినా ఒకరి పేరు ఒకరికి తెలీదు. పదేళ్లుగా పక్కపక్కన ఉన్న వీధిలో భాషలు వేరైనా తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తారు.

పక్కపక్కన ఉన్నంత మాత్రాన మనుషులు కలుస్తారా?

కలవరు. ఈ మొత్తం వ్యవహారంలో కీలకమైన ప్రశ్న ఇదే, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త, వేర్వేరు వర్గాలవాళ్ల మధ్య పరిచయం ఎప్పుడు మంచి చేస్తుందో చెప్తూ నాలుగు షరతులు పెట్టారు. ఆ పరిచయంలో ఇద్దరిదీ సమాన హోదా కావాలి. ఇద్దరికీ ఉమ్మడి లక్ష్యం ఉండాలి. పోటీ కాకుండా సహకారం ఉండాలి. పైన అధికారంలో ఉన్నవాళ్లు, చట్టం, ఆనవాయితీ దానికి అండగా ఉండాలి. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 515 అధ్యయనాలని కలిపి చూశారు. వాటిలో పాల్గొన్నవాళ్లు రెండున్నర లక్షల పైచిలుకు. పరిచయం పెరిగితే దురభిప్రాయం తగ్గుతుందన్నది ఎక్కువ భాగం నిజమని తేలింది. నాలుగు షరతులూ ఉంటే ఫలితం ఇంకా బలంగా ఉంది.

ఇప్పుడు ఆ షరతులు పట్టుకుని ఒక ఊరిని చూడండి. ఇంటి యజమానికీ ఆ ఇంట్లో పనిచేసే మనిషికీ రోజూ పరిచయమే, ఏళ్ల తరబడి పరిచయమే. కానీ హోదా సమానం కాదు. షాపువాడికీ కొనేవాడికీ మధ్య మర్యాద ఉంటుంది, ఉమ్మడి పని ఉండదు. అదే బడి తల్లిదండ్రుల కమిటీలో కూర్చున్న ఇద్దరు తల్లులకి ఒకే తలనొప్పి: వచ్చే వర్షాకాలం లోపు తరగతి గది పైకప్పు బాగుచేయించాలి. భాష సగమే అర్థమైనా వాళ్లిద్దరూ ఒకే అర్జీ మీద సంతకం పెడతారు, ఒకే ఆఫీసు చుట్టూ తిరుగుతారు. మూడో నెలకి ఒకరి ఇంటి విషయాలు ఒకరికి తెలుస్తాయి.

ఉమ్మడి సంఘాల బలం ఎంతో భారతదేశం నుంచే మంచి ఉదాహరణ ఉంది. అశుతోష్ వర్ష్‌నీ అనే రాజనీతి శాస్త్రవేత్త మతకలహాలు ఎక్కువ జరిగిన మూడు నగరాలనీ, ప్రశాంతంగా ఉన్న మూడు నగరాలనీ జతలుగా పోల్చి 2002లో ఫలితాలు ప్రచురించారు. హిందువులు, ముస్లింలు కలిసి ఉన్న వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, వృత్తి సంఘాలు బలంగా ఉన్న చోట పుకార్లు అక్కడికక్కడే ఆగిపోయాయి. పండగలకి ఇళ్లకి వెళ్లి పలకరించుకోవడం, పిల్లలు కలిసి ఆడుకోవడం లాంటివి పల్లెల్లో చాలావరకు సరిపోతాయి గానీ, ఊరు పెద్దదయ్యేకొద్దీ సంఘాలే నిలబెడతాయని ఆయన వాదన. చిన్న పట్టణం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి నేనైతే రెండూ ఉన్నాయా అని చూస్తాను.

2022లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికాలో ఏడు కోట్ల పైచిలుకు ఫేస్‌బుక్ వాడుకరుల స్నేహాలని పరిశీలించింది. పేద, ధనిక కుటుంబాల మధ్య స్నేహాలు ఎక్కువున్న చోట పెరిగిన పేద పిల్లలు పెద్దయ్యాక బాగా ఎదుగుతున్నారని కనిపించింది. అలాంటి స్నేహాలు లేకపోవడానికి సగం కారణం ఒకరికొకరు ఎదురుపడకపోవడం. మిగతా సగం, ఒకే చోట ఉండి కూడా స్నేహం చెయ్యకపోవడం. ఒకే ఊళ్లో ఉండటం, ఒకే బడిలో చదవడం సగం దారి మాత్రమే.

ఊరు చూడటానికి వెళ్తే ఎక్కడ నిలబడాలి, ఏం గమనించాలి?

బడి వదిలే వేళ గేటు ముందు. లోపల్నుంచి పిల్లలు ఎలా బయటికొస్తున్నారో చూడండి. చిన్న తరగతుల పిల్లలు ఎక్కడైనా కలిసిమెలిసే వస్తారు, దాన్ని చూసి మురిసిపోవద్దు. పన్నెండు, పదమూడేళ్ల వాళ్లని చూడండి. ఆ వయసులో గుంపులు విడిపోవడం మామూలే, కానీ ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి పేరు పెట్టి కేకేసి మాట్లాడేవాళ్లు ఉన్నారా? తర్వాత గేటు బయట నిలబడ్డ పెద్దల్ని చూడండి. వాళ్లు ఎలా నిలబడ్డారన్నది పిల్లలకన్నా ఎక్కువ చెప్తుంది.

అక్కణ్నుంచి మందుల షాపుకి. వరసలో నిలబడి ఏదైనా చిన్నది కొనండి. మీ ముందు ఒక ముసలావిడ ఉంటుంది, ఊళ్లో చెలామణీ అయ్యే భాష ఆవిడకి అంతగా రాదు. కౌంటరు వెనకున్న కుర్రాడు గొంతు పెంచుతాడా? లేక మాత్రల అట్ట తిప్పి, పెన్నుతో ఒక పక్క సూర్యుడు, ఒక పక్క చంద్రుడు బొమ్మ గీసి, వేళ్లతో లెక్క చూపిస్తాడా? మీ వెనకున్నవాళ్లు విసుక్కుంటున్నారా, లేక ఎవరైనా ముందుకొచ్చి రెండు ముక్కల్లో తర్జుమా చేస్తున్నారా? ఆ మూడు నిమిషాల్లో తెలిసేది మూడు నివేదికలు చదివినా తెలీదు.

వీలైతే మున్సిపల్ కౌన్సిల్ సమావేశంలో వెనక వరసలో కూర్చోండి. జనానికి అనుమతి ఉన్న చోట ఇది ఉచితంగా దొరికే గొప్ప అవకాశం. కౌన్సిలర్లలో ఎవరెవరున్నారన్నది ఒక సంగతి. చర్చ దేని గురించి అన్నది ఇంకో సంగతి. మురుగు కాలువ గురించి తిట్టుకుంటున్నారంటే ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టే. ప్రతి విషయమూ "మీవాళ్లు, మావాళ్లు" దగ్గరికి పోతోందంటే జాగ్రత్తపడాలి.

లైబ్రరీ నోటీసు బోర్డు కూడా చదవండి. ఎన్ని భాషల్లో నోటీసులున్నాయి, వాటి తేదీలేమిటి? నాలుగు భాషల్లో అందంగా అచ్చేసిన స్వాగతం బోర్డు కన్నా, చేత్తో రాసి నిన్న అంటించిన "పాత సైకిలు అమ్మబడును" కాగితం రెండు భాషల్లో ఉంటే అది నాకెక్కువ నమ్మకం కలిగిస్తుంది. అమ్మేవాడు అవతలి భాషవాళ్లు కూడా కొంటారని అనుకుంటున్నాడన్నమాట.

ఒకసారి వెళ్లి రావడం చాలదు. పనిదినాన ఒకసారి, సెలవురోజున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వాతావరణం అధ్వాన్నంగా ఉండే కాలంలో తప్పకుండా ఒకసారి.

నేరాల అంకెలు భయపెడుతున్నాయి. ఎంతవరకు నమ్మాలి?

చిన్న ఊరి విషయంలో ఒక్క ఏడాది అంకెని అస్సలు నమ్మొద్దు. 8,000 మంది ఉన్న ఊళ్లో ఒక ఏడాది ఒక హత్య జరిగితే, లక్ష జనాభాకి 12.5 అని పట్టికలోకి ఎక్కుతుంది. ఎన్నో మహానగరాలకన్నా ఘోరంగా కనిపిస్తుంది. మరుసటేడు సున్నా, దేశంలోకెల్లా ప్రశాంతమైన ఊరు! ఊరు మారలేదు, చిన్న సంఖ్యలు చేసే మాయ అది. "అత్యంత సురక్షిత పట్టణాలు", "అత్యంత ప్రమాదకర పట్టణాలు" జాబితాల్లో రెండు కొసల్లోనూ చిన్న ఊళ్లే ఎక్కువ కనబడటానికి కారణం ఇదే. ఐదేళ్లు, వీలైతే పదేళ్ల మొత్తం తీసుకుని సగటు కట్టండి.

ఇంకోటి. పోలీసుల మీద నమ్మకం లేని వర్గం ఫిర్యాదు చెయ్యదు. అంకె తక్కువుందంటే నేరం తక్కువని కావచ్చు, స్టేషన్ మెట్లెక్కేవాళ్లు తక్కువని కూడా కావచ్చు. కాబట్టి "ఇక్కడ దొంగతనాలు జరుగుతాయా?" అని అడక్కండి. "మీ ఇంట్లో దొంగతనం జరిగితే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు?" అని వేర్వేరు వర్గాలవాళ్లని అడగండి.

పిల్లల చదువు సంగతి?

మార్కుల జాబితా చూస్తారు సరే, హెడ్‌మాస్టర్ని ఒక ప్రశ్న అడగండి: తరగతిలో పిల్లల్ని జట్లుగా ఎలా చేస్తారు? 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లల్ని ఒకే బడిలో వేసినప్పుడు గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులతో కలిసి ఒక ఉపాయం చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. మిగతావాళ్ల దగ్గర ఆ ముక్క ఉండదు కాబట్టి, మాట తడబడే పిల్లాడు చెప్పేది కూడా అందరూ ఓపిగ్గా వినాల్సిందే. ఎగతాళి తగ్గింది, ఒకరంటే ఒకరికి ఇష్టం పెరిగింది. ఆ పద్ధతి ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు.

బడిలో "మంచి సెక్షన్", "మామూలు సెక్షన్" అని ఉంటే, ఏ వర్గం పిల్లలు ఎందులో ఉన్నారో కూడా చూడండి. గేటు ఒకటే అయినా లోపల రెండు బడులు నడుస్తుండొచ్చు.

వైద్యం?

ఇందులో మొహమాటం పనికిరాదు. రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, గడ్డని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు పడాలి, అంతకన్నా ముందు స్కానింగ్ జరగాలి. కాబట్టి సి.టి. స్కాన్ ఉండే ఆస్పత్రికి అంబులెన్స్ అర్ధరాత్రి ఎంతసేపట్లో తీసుకెళ్తుందో అడగండి. ఇంట్లో పెద్దవాళ్లో, గుండె జబ్బున్నవాళ్లో ఉంటే మిగతా జవాబులన్నిటికన్నా ఇదే ముందు.

భాష రాని రోగికి ఆస్పత్రిలో ఎవరు మాట సాయం చేస్తారన్నది రెండో ప్రశ్న. "వాళ్ల పిల్లలు చెప్తారు" అని జవాబొస్తే అది మంచి సూచన కాదు. తల్లి రోగాన్ని పదేళ్ల పిల్లాడు డాక్టరుకి వివరించాల్సి రావడం ఆ పిల్లాడికీ శిక్షే, తల్లికీ శిక్షే.

మాలాంటివాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. అయినా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ ఏం ఎదురవుతుందో తెలిసి వెళ్లాలి. 1977లో రోజాబెత్ మాస్ కాంటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక కంపెనీలో ఒకరిద్దరే ఉన్న మహిళా ఉద్యోగులని గమనించి, ఒక బృందంలో దాదాపు 15 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లకి ఏం జరుగుతుందో రాశారు. వాళ్లు చేసే ప్రతి పనీ అందరి కళ్లలో పడుతుంది. వాళ్ల తప్పు ఒక మనిషి తప్పుగా మిగలదు, మొత్తం వర్గం తప్పైపోతుంది. ఎప్పుడూ తమవాళ్లందరి తరఫునా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఆఫీసు గురించి చెప్పిందే అయినా, చిన్న ఊళ్లో ఏకైక కుటుంబంగా ఉండేవాళ్లు ఇది చదివి తల ఊపుతారు.

ఒక ఊళ్లో ఒకే పెద్ద వర్గం ఉండి మీరొక్కరే వేరైతే కష్టం ఎక్కువ. ఐదారు వర్గాలుండి, మీది ఆరోదో ఏడోదో అయితే అంత ఉండదు, ఎందుకంటే అక్కడ వేరుగా ఉండటం అందరికీ అలవాటైన సంగతే. సంఖ్యల్లో మీవాళ్లు సున్నానే అయినా ఈ రెండు ఊళ్లూ ఒకటి కావు. మరీ ముఖ్యంగా, పిల్లలు మీకన్నా ఎక్కువ మోస్తారు. తరగతిలో తనొక్కడే అయిన పిల్లాడి గురించి ఆలోచించి, గంటలోపు చేరుకోగల దూరంలో మీ భాష మాట్లాడే కుటుంబాలు ఒకటి రెండైనా ఉన్నాయేమో చూసుకోండి.

చిన్న ఊళ్లో అందరి సంగతులూ అందరికీ తెలుస్తాయట కదా?

తెలుస్తాయి. అది ఇష్టం లేనివాళ్లకి చిన్న ఊరు పడదు, ఆ విషయం ముందే ఒప్పుకోవడం మంచిది. అయితే జ్వరంతో రెండ్రోజులు తలుపు తియ్యకపోతే ఎవరో ఒకరు తలుపు తట్టేదీ అక్కడే.

ఆ ఊళ్లో కొన్నేళ్ల కిందట పెద్ద గొడవ జరిగిందని విన్నాం. వదులుకోవడమే మంచిదా?

గొడవ ఎందుకు జరిగిందన్న దానికన్నా, మర్నాడు పొద్దున ఏం జరిగిందో అడగండి. రెండు వర్గాల పెద్దలూ కలిసి వీధిలోకి వచ్చారా? దెబ్బతిన్న షాపుని తెరిపించడానికి అవతలివాళ్లెవరైనా చెయ్యేశారా? తప్పు చేసినవాళ్ల మీద కేసు నడిచిందా, లేక ఊరి పరువు పేరుతో కప్పెట్టారా? ఇప్పుడు దాని గురించి అడిగితే జనం మాట్లాడుతున్నారా, మాట మారుస్తున్నారా?

గొడవ జరిగి, దాన్ని నలుగురూ కూర్చుని తేల్చుకున్న ఊరు నాకు భయం కలిగించదు. "మా ఊళ్లో ఎప్పుడూ ఏ గొడవా లేదు, మేమంతా ఒక్కటే" అని ఒకే వర్గంవాళ్లు పదే పదే చెప్పే ఊళ్లోనే నేను మిగతావాళ్లని వెతుక్కుంటూ వెళ్లి అడుగుతాను. తక్కువమంది ఉన్న వర్గం కథ వేరే ఉంటే, నమ్మాల్సింది వాళ్లనే. ఎందుకంటే దెబ్బ తగిలిన చోటు వాళ్లకే తెలుస్తుంది.

ఉద్యోగం పోతే అక్కడ ఇంకోటి దొరుకుతుందా?

ఊరంతా ఒకే ఫ్యాక్టరీ మీదో, ఒకే గని మీదో బతుకుతుంటే అది మూతపడిన రోజున మీ ఉద్యోగమూ, మీ ఇంటి ధరా, పక్కింటివాళ్ల ఉద్యోగమూ ఒకేసారి పోతాయి. రకరకాల మనుషులున్నారా అని చూసినట్టే రకరకాల పనులున్నాయా అని కూడా చూడాలి. చిన్న ఊళ్లలో చాలాసార్లు ఒక్కో వర్గం ఒక్కో పనికి అతుక్కుని ఉంటుంది. ఒక పని దెబ్బతింటే ఒక వర్గం మొత్తం దెబ్బతిని, కోపం పక్కవాళ్ల మీదికి మళ్లుతుంది.

ఇంకో సంగతి ఊరట కలిగించేది. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆ తెలిసిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా కలిసేవాళ్లం అన్నది దాదాపు 17 శాతమే. ఎక్కువమంది అప్పుడప్పుడూ కలిసేవాళ్ల ద్వారానే పని సంపాదించుకున్నారు. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది, కొత్త కబురు కాస్త దూరపువాళ్ల నుంచే వస్తుంది. వేర్వేరు వర్గాలవాళ్లతో పైపై పరిచయమున్నా చాలు, అవసరం పడ్డ రోజున అదే పనికొస్తుంది.

ఇల్లు కొనాలా, అద్దెకుండాలా?

అద్దెకే. కనీసం ఏడాది, అన్ని కాలాలూ గడిచేదాకా. చిన్న ఊళ్లో ఇల్లు కొనడం తేలిక, అమ్మడం కష్టం. కొనేవాళ్లు తక్కువ కాబట్టి నెలల తరబడి ఆగాల్సి రావొచ్చు.

అద్దె ఇంటి కోసం తిరగడమే ఒక పరీక్ష కూడా. "మీరు ఏం తింటారు, ఎవరు, ఎక్కణ్నుంచి వచ్చారు" అన్న ప్రశ్నలు ఎన్ని వీధుల్లో ఎదురయ్యాయో రాసుకోండి. ఇల్లు ఖాళీగా ఉందని ఫోన్లో చెప్పి, మిమ్మల్ని చూశాక "నిన్ననే ఇచ్చేశాం" అన్నవాళ్లు ఎంతమందో కూడా రాసుకోండి. ఒకరిద్దరు అలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారు. వరసగా అదే జవాబొస్తే ఊరే మీకు చెప్పేసినట్టు.

ఇంట్లో ఒకరికి ఊరు నచ్చింది, ఒకరికి నచ్చలేదు. ఎలా?

పగటిపూట ఆ ఊళ్లో ఎక్కువసేపు గడపబోయేది ఎవరో వాళ్ల మాటకి ఎక్కువ బరువివ్వండి. పొద్దున్నే పక్క నగరానికి ఉద్యోగానికి వెళ్లి రాత్రికి వచ్చే మనిషికి ఏ ఊరైనా ఒకటే. ఇంటి దగ్గరుండి పిల్లల్ని బడిలో దింపి, కరెంటాఫీసుకి వెళ్లి, డాక్టరు దగ్గర కూర్చునే మనిషికే ఊరంటే ఏమిటో తెలుస్తుంది. వృద్ధులైన తల్లిదండ్రులు వెంట ఉంటే, వాళ్లు ఒంటరిగా నడిచి వెళ్లి ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడి రాగలిగే చోటు ఒక్కటైనా ఉందా అన్నది చూడండి.

వెళ్లాక ఎంతకాలం చూసి, ఉండాలో వద్దో తేల్చుకోవాలి?

ఆరు నెలలకే "ఇక్కడ మాకు స్నేహితులు దొరకలేదు" అని వెనక్కి వచ్చేసేవాళ్లున్నారు. అది చాలా తొందర. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు కావాలి, స్నేహితులం అనుకోవడానికి 90 గంటల దాకా, ప్రాణస్నేహానికి 200 గంటల పైన. పని చేసే చోట పక్కపక్క కుర్చీల్లో గడిపిన గంటలు దీనికి అంతగా అక్కరకి రావు. ఇష్టపడి కలిసిన గంటలే లెక్క.

వారానికి రెండు గంటల చొప్పున ఒకరితో గడిపితే 50 గంటలకి ఆరు నెలలు, 200 గంటలకి దాదాపు రెండేళ్లు. భాష వేరైతే ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. కాబట్టి వెళ్లిన మొదటి నెలలోనే వారంవారం జరిగే ఏదో ఒక పనిలో చేరండి: ఆటల జట్టు, పాటల బృందం, బడి కమిటీ, రక్తదాన శిబిరం, ఏదైనా సరే. ఒకటే షరతు, అందులో కనీసం మూడు వర్గాలవాళ్లుండాలి. అలాంటిది ఊళ్లో ఒక్కటీ లేకపోతే ఏడాది ఆగనక్కర్లేదు, అద్దె ఒప్పందం ముగిసేలోపే ఇంకో ఊరు చూసుకోవడం మొదలుపెట్టండి. ఉంటే రెండేళ్లు ఉండి చూడండి.